మాట పోయినా పాట మిగిలింది: స్ట్రోక్ తరువాత సంగీతంలో ఏది దెబ్బతింటుంది, ఏది నిలుస్తుంది?

మీరు రాసిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. ఏళ్ల తరబడి ఇంటి దగ్గర పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పిన మీ అమ్మగారికి నాలుగు నెలల క్రితం మెదడు ఎడమ భాగంలో స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి పట్టు తప్పింది, మాట పడిపోయింది. ఎదుటివారు చెప్పేది చాలావరకు అర్థమవుతోంది గాని, నోటి నుంచి "అది", "కాదు", "అయ్యో" వంటి రెండు మూడు మాటలకు మించి రావడం లేదు. అయితే శ్రుతి పెట్టె పెట్టి మీరు పల్లవి ఎత్తుకుంటే మాత్రం చరణం చివరి దాకా సాహిత్యంతో సహా పాడుతున్నారు. సంగీతంలో మొదటగా నేర్పే స్వరాభ్యాసాలైన సరళీ వరుసలలో మొదటిది నిక్షేపంగా పాడి, "సరి సరి సరిగమ" అనే రెండో వరుస నుంచి స్వరాల పేర్లు తారుమారు చేస్తున్నారు. స్వరస్థానం మాత్రం తప్పడం లేదు. చేత్తో తాళం నిలవడం లేదు. పాడగలిగిన మనిషికి మాట రాకపోవడం మొండితనమేనని బంధువులు అంటున్నారు. సంగీతం కుడి మెదడులో ఉంటుంది కనుక ఆవిడ విద్యకు ఏమీ కాలేదని మీ మామయ్యగారు ధైర్యం చెబుతున్నారు. విద్య దెబ్బతిన్నదా, పాటతో మాట తెప్పించవచ్చా, ఆవిడ మళ్ళీ పాఠం చెప్పగలరా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను స్ట్రోక్ తరువాత మాట పోయినవారితో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న స్పీచ్ పాథాలజిస్టును. చిన్నప్పుడు వర్ణాల దాకా సంగీతం కూడా నేర్చుకున్నాను. ఆవిడను చూడకుండా రాస్తున్నాను కనుక వైద్యపరమైన నిర్ణయాలు ఆవిడను చూస్తున్న న్యూరాలజిస్టుకే వదలండి. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒకటే. సంగీతం మెదడులో ఒక చోట కుదురుకొని ఉండే ఒకే శక్తి కాదు. స్వరం ఎత్తును, అంటే స్థాయిని, పట్టుకోవడం, లయ నిలుపుకోవడం, విన్నదాన్ని గుర్తుపట్టడం, స్వరానికి పేరు పెట్టడం, రాసినది చూసి పాడడం, విని కరిగిపోవడం, ఇవన్నీ వేర్వేరు పనులు, వేర్వేరుగా దెబ్బతినగలవు. అందువల్ల సంగీతం ఉందా పోయిందా అని అడిగితే జవాబు దొరకదు. వీటిలో ఏది పోయింది, ఏది మిగిలింది అని విడివిడిగా చూడాలి.

బంధువుల మాటను ముందు తీసుకుంటాను, ఎందుకంటే ఇటువంటి ఇళ్లలో రోగిని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది అదే. మాట పోయి పాట మిగలడం వైద్యులకు చాలా కాలంగా తెలుసు. 1745లో స్వీడన్‌కు చెందిన రచయిత ఓలోఫ్ దాలిన్ ఇటువంటి మనిషినే వర్ణించాడు. జబ్బు చేసి కుడి వైపు చచ్చుబడి, మాట పూర్తిగా పోయిన ఆ వ్యక్తి, జబ్బుకు ముందు నేర్చుకున్న చర్చి కీర్తనలను మాత్రం ఆరోగ్యవంతులంత స్పష్టంగా పాడేవాడట. కాకపోతే మొదట్లో ఎవరో ఒకరు గొంతు కలిపి అందించాలి. మీరు పల్లవి ఎత్తుకుంటే తప్ప అమ్మగారి పాట కదలకపోవడం కూడా ఇదే లక్షణం. మాటకూ మెదడు ఎడమ ముందు భాగానికీ సంబంధం ఉందని పాల్ బ్రోకా పారిస్‌లో చూపించినది 1861లో, అంటే దాలిన్ రాసిన నూరేళ్ల తరువాత.

దీనికి కారణం ఇలా ఉంటుంది. "కాస్త మంచినీళ్లు ఇవ్వు" అనాలంటే, చెప్పదలచినదానికి తగిన మాటలను అప్పటికప్పుడు వెతికి, వరుసలో పెట్టి, వాటి ధ్వనులను నోటికి అందించాలి. చాలామందిలో ఈ పని అంతా మెదడు ఎడమ సగం, అంటే ఎడమ అర్ధగోళం, చేస్తుంది. వందలసార్లు పాడిన కీర్తనలో వెతకడమూ లేదు, కూర్చడమూ లేదు. ఒక అక్షరం వెనుక మరొక అక్షరం, రాగమూ లయా పట్టి లాగుతుండగా, గొలుసులాగా వచ్చేస్తుంది. ఇటువంటి గొలుసులను నడిపించడంలో కుడి అర్ధగోళానికీ, మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియాకూ పెద్ద పాత్ర ఉంటుంది. మీరు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. చరణం మధ్యలో ఆవిడను ఆపి, తరువాతి మాట ఏమిటో పాడకుండా చెప్పమనండి. చాలావరకు చెప్పలేరు, మళ్ళీ పల్లవికి వెళ్లి పాడుకుంటూ వస్తే తప్ప ఆ మాట రాదు. ఒకటి రెండు మూడు లెక్కించడం, వారాల పేర్లు, నిత్యం చదివే శ్లోకాలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. తిట్లు కూడా అంతే. జీవితంలో పరుషంగా మాట్లాడని ఇల్లాలి నోట స్ట్రోక్ తరువాత ఒక బూతు మాట స్పష్టంగా వచ్చి ఇంటిల్లిపాదీ నిర్ఘాంతపోయిన సందర్భాలు మా వృత్తిలో అందరికీ తెలిసినవే. అందులో ఆవిడ ఉద్దేశం ఏమీ ఉండదు.

ఇక మీ మామయ్యగారి మాట సగం నిజం. స్వరస్థాయిలోని సూక్ష్మమైన తేడాలను పట్టుకోవడంలో కుడి వైపు శ్రవణ భాగానికి పైచేయి ఉందని మాంట్రియాల్‌లో రాబర్ట్ జటోర్ తదితరులు చేసిన పరిశోధనలు చూపించాయి. స్ట్రోక్ తరువాత వచ్చే సంగీత లోపాన్ని అమ్యూజియా అంటారు. 1888లో ఆగస్ట్ క్నోబ్లాఖ్ అనే జర్మన్ వైద్యుడు పెట్టిన పేరు ఇది. హెల్సింకీలో స్ట్రోక్ రోగులను నెలల తరబడి అనుసరించిన పరిశోధకులు, దెబ్బ తగిలిన తొలి రోజుల్లో సగానికి మించిన మందిలో ఏదో ఒక మేరకు అమ్యూజియా ఉందని, అది తీవ్రంగా ఉండి తగ్గకుండా నిలిచిపోయినవారిలో ఎక్కువగా కుడి అర్ధగోళమే దెబ్బతిన్నదని గమనించారు. కుడి వైపు దెబ్బ తగిలినవారు చక్కగా మాట్లాడతారు కనుక ఈ లోపం ఎవరి కంటా పడదు. చెయ్యి ఎత్తమంటారు, పేరు చెప్పమంటారు, నాలుక చాపమంటారు. ఒక పాట వినిపించి ఎలా ఉందని మన ఆసుపత్రుల్లో ఎవరూ అడగరు. రేడియోలో పాట వస్తే గిన్నెల చప్పుడులా ఉందని కట్టేయమనే పెద్దాయనను చాదస్తం అనుకొని ఊరుకుంటారు.

మామయ్యగారి మాటలో మిగతా సగం ఎందుకు నిజం కాదంటే, శిక్షణ పొందిన మెదడు ఎడమ వైపును కూడా సంగీతానికి బాగా వాడుకుంటుంది. 1974లో బెవర్, కియరెల్లో అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, సంగీతం నేర్వనివారు ఎడమ చెవికి వినిపించిన బాణీని బాగా గుర్తుపడుతుంటే, నేర్చినవారు కుడి చెవికి, అంటే ప్రధానంగా ఎడమ అర్ధగోళానికి, వినిపించినదాన్ని బాగా గుర్తుపట్టారని చూపించారు. విశ్లేషించి వినేవారికీ ఊరికే వినేవారికీ మధ్య ఉండే తేడా అది. జీవితమంతా "ఇది అంతర గాంధారం, అది శుద్ధ ధైవతం" అని విడదీసి విన్న మీ అమ్మగారి వంటి ఉపాధ్యాయురాలి సంగీతం కుడి వైపే భద్రంగా ఉందని అనుకోవడానికి వీల్లేదు.

ఈ సందర్భంలో ఇద్దరు స్వరకర్తల చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడడం మాకు అలవాటు. ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ రావెల్‌కు 1932లో టాక్సీ ప్రమాదం జరిగింది. ఆ తరువాత, నిజానికి ప్రమాదానికి ముందు నుంచే మొదలైన ఒక మెదడు జబ్బు వేగంగా ముదిరింది. అది ఏ జబ్బో నేటికీ వాదన తెగలేదు. 1937 డిసెంబరులో మెదడు ఆపరేషన్ తరువాత ఆయన చనిపోయారు. ఆయనను పరీక్షించిన నాడీవైద్యుడు తెయోఫిల్ అలజువానీన్ 1948లో తన పరిశీలనలు ప్రచురించారు. వాటి ప్రకారం రావెల్ తన రచనలను వెంటనే గుర్తుపట్టేవారు. వాయించేటప్పుడు ఎవరైనా ఒక స్వరమో, లయలో ఒక చిన్న భాగమో మార్చితే పట్టేసేవారు. చలికాలపు తేమకు పియానో శ్రుతి తగ్గిన సంగతి కూడా ఆయన చెవికి దొరికింది. కానీ వినిపించిన స్వరానికి పేరు పెట్టడం, రాసిన స్వరాలు చూసి వాయించడం, మనసులో ఉన్నదాన్ని కాగితం మీద పెట్టడం దాదాపు అసాధ్యమయ్యాయి. చెవి నిలిచింది, వినికిడికీ గుర్తులకూ మధ్య దారి తెగింది. చివరి ఏళ్లలో ఆయన నుంచి కొత్త రచన వెలువడలేదు.

రెండవ వ్యక్తి మాస్కో కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయానికి కొంతకాలం అధిపతిగా ఉన్న విస్సరియోన్ షెబాలిన్. 1953లో ఒకసారి, 1959లో మరొకసారి ఎడమ అర్ధగోళంలో స్ట్రోక్ వచ్చి, మాట్లాడడమూ ఎదుటివారి మాట గ్రహించడమూ రెండూ తీవ్రంగా దెబ్బతిన్నాయి. అయినా ఆయన శిష్యుల రచనలు విని దిద్దేవారు, తాను కొత్తవి రాసేవారు. 1962లో ఐదవ సింఫనీ పూర్తి చేసి, మరుసటి ఏడు చనిపోయారు. ప్రసిద్ధ రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ ఆ సింఫనీని ఎంతగానో మెచ్చుకున్నారు. షెబాలిన్‌ను పరీక్షించిన రష్యన్ నాడీమనస్తత్వవేత్త అలెగ్జాండర్ లూరియా, సహచరులతో కలిసి 1965లో ఈ వివరాలు ప్రకటించారు. ఇద్దరిలోనూ భాష దెబ్బతిన్నది, ఒకరి రచన ఆగింది, మరొకరి రచన సాగింది. కాబట్టి అఫేసియా, అంటే మెదడు దెబ్బ వల్ల భాష దెబ్బతినడం, ఉన్నదన్న ఒక్క మాటను బట్టి సంగీతం ఏమవుతుందో చెప్పలేము.

ఇప్పుడు మీ అమ్మగారి రెండో సరళీ వరుస దగ్గరికి వద్దాం. మీ వివరాలన్నిటిలో నాకు ఎక్కువ విలువైనదిగా తోచింది అదే. మొదటి వరుస "సరిగమ పదనిస" కేవలం గొలుసు. అది అంకెలు లెక్కించినట్టు దానంతట అదే వస్తుంది. రెండో వరుసలో వెనక్కి తిరిగి మళ్ళీ "సరి" అందుకోవాలి, అంటే ప్రతి అడుగులోనూ పేరును ఎంచుకోవాలి. ఎంపిక వచ్చిన చోట భాష అడ్డుపడింది, స్థాయి మాత్రం చెక్కుచెదరలేదు. స్వరస్థానం చెవిది, గొంతుది, స్వరనామం భాషది. మాయామాళవగౌళలో రిషభానికీ గాంధారానికీ మధ్య దూరం సరిగ్గా పాడుతూ పేర్లు మాత్రం మార్చి పలుకుతున్నారంటే, కుర్చీని చూపించి మంచం అనడం వంటి అఫేసియా పొరపాటే అది, అపస్వరం కాదు. రావెల్‌లో కనిపించినది కూడా కొంతవరకు ఇదే రకం. ఆవిడ ఆ పొరపాటుకు నొచ్చుకొని ఆగిపోతుంటే, అదే వరుసను అకారంలో, అంటే స్వరాల పేర్లు లేకుండా "ఆ" అంటూ, పాడమని అడగండి. హాయిగా పాడితే నా ఊహ నిజమైనట్టే.

చెవి సంగతి విడిగా చూడండి. ఆవిడకు బాగా తెలిసిన కీర్తనను మీరో, ఒక పెద్ద శిష్యురాలో పాడుతూ ఒకచోట కావాలని ఒక స్వరం తప్పించండి, ఆవిడ ముఖం చూడండి. తప్పు దగ్గర కనుబొమ్మ ముడిపడితే చాలు, మాటతో పని లేదు. తరువాత స్వరం తప్పకుండా గమకం, అంటే స్వరాన్ని ఊపే తీరు, మాత్రం తీసేసి, తోడి గాంధారాన్ని నిలకడగా పట్టి పాడండి. అది కూడా ఆవిడకు ముల్లులా గుచ్చుకుంటే చెవి చాలా బాగున్నట్టు. పాశ్చాత్య దేశాలలో అమ్యూజియాకు వాడే ప్రామాణిక పరీక్షలు ఉన్నాయి, ఇజబెల్ పెరెట్జ్ బృందం 2003లో ప్రకటించిన మాంట్రియాల్ పరీక్ష వాటిలో ప్రసిద్ధమైనది. అయితే అందులోని బాణీలు పాశ్చాత్య పద్ధతిలో కట్టినవి. గమకంతో కూడిన మన సంగీతంలో పండిన మనిషిని ఆ మార్కులతో తూచడం నా దృష్టిలో అంత న్యాయం కాదు. ఇటువంటి విషయంలో ఇంటి పరీక్షే ఎక్కువ చెబుతుంది.

తాళం విషయంలో తొందరపడి లయ పోయిందనుకోకండి. ఆది తాళంలో లఘువుకు చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు లెక్కించవలసింది ఇంతకాలం కుడి చేతితో. ఆ చెయ్యే ఇప్పుడు బలహీనంగా ఉంది. పైగా ఎడమ అర్ధగోళం దెబ్బతిన్నప్పుడు, బలం ఉన్న చేత్తో కూడా నేర్చిన కదలికలను వరుసగా చెయ్యలేకపోవడం ఉంటుంది. వేళ్ల లెక్క వదిలేసి, ఎడమ అరచేత్తో తొడ మీద కేవలం దెబ్బలు వేయమనండి, లేదా పాదం కదపమనండి. చేతులు అసలు కదపకుండా పాడినప్పుడు పల్లవి ఎత్తుగడ సరైన చోటే పడుతున్నదేమో వినండి. ఎత్తుగడ సరిగ్గా పడుతుంటే లయ లోపల ఉన్నట్టే, చెయ్యి మాత్రమే అందుకోలేకపోతోంది. స్థాయి బాగుండి లయ ఒక్కటే చెదిరిన రోగులూ, అందుకు విరుద్ధంగా ఉన్నవారూ, ఇద్దరూ వైద్య సాహిత్యంలో ఉన్నారు.

గొంతు బలహీనంగా ఉండి పైస్థాయి అందకపోతే అది కండరాల సమస్య కావచ్చు, ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పాట మీద ఆసక్తే పోయినట్టు కనిపిస్తే ముందు మనోవ్యాకులతను (డిప్రెషన్‌ను) అనుమానించాలి. స్ట్రోక్ వచ్చినవారిలో సుమారు మూడవ వంతు మందికి అది వస్తుంది, దానికి మందులున్నాయి.

పాటతో మాట తెప్పించవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు కాస్త నిరుత్సాహంగా అనిపించవచ్చు. కీర్తనలు ఎన్నిసార్లు పాడించినా, వాటిలోని మాటలు విడివడి సంభాషణలోకి రావు; గొలుసు గొలుసుగానే ఉంటుంది. పాడడం వల్ల ఊపిరి, గొంతు, ఉత్సాహం మెరుగవుతాయి, అందుకోసం పాడించండి. మాట కోసం చేసేది వేరు. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అనే పద్ధతిని ప్రతిపాదించారు. రోజూ అవసరమయ్యే చిన్న చిన్న వాక్యాలను ఎక్కువ తక్కువ అనే రెండు స్థాయిల మీద మెల్లగా పాడుతూ, ఒక్కొక్క అక్షరానికి ఎడమ చేత్తో ఒక్కొక్క తట్టు వేస్తారు. మొదట థెరపిస్టుతో కలిసి, తరువాత థెరపిస్టు గొంతు మధ్యలో తగ్గిస్తూ, ఆపైన ఒంటరిగా, చివరికి ప్రశ్నకు జవాబుగా ఆ వాక్యం చెప్పిస్తారు. చెప్పే తీరును పాట నుంచి క్రమంగా మామూలు మాటలోకి దించుతారు. ఎడమ స్ట్రోక్ వచ్చి, అర్థం చేసుకొనే శక్తి బాగా ఉండి, మాట రానివారికి ఇది నప్పుతుంది. మీ వివరణను బట్టి అమ్మగారు ఆ కోవలోనివారే. సాధన చేసిన వాక్యాలు మెరుగవడం అధ్యయనాల్లో కనిపించింది. సాధన చెయ్యని మాటలకు ఆ ఫలితం పాకడం మాత్రం తక్కువ. ఇందులో పని చేసేది రాగమా, లయా, ఊరికే పదే పదే చెప్పడమా అన్నదాని మీద కూడా పరిశోధకులు ఏకాభిప్రాయానికి రాలేదు. నా అనుభవంలో తట్టు పాత్ర చాలా పెద్దది.

తెలుగులో ఇది చేసేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లీషులో ఊనిక పడే అక్షరాన్ని పైస్థాయిలో పాడిస్తారు. తెలుగు మాటకు అటువంటి ఊనిక లేదు. కాబట్టి మన వాక్యం సహజంగా ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో దాన్నే కాస్త సాగదీయాలి. "కాఫీ కావాలి" చివర దిగుతుంది, "వచ్చావా" చివర లేస్తుంది. దీర్ఘాక్షరాన్ని దీర్ఘంగానే నిలపాలి. ఆవిడకు తెలిసిన రాగాల్లో అందంగా కూర్చాలని ప్రయత్నించకండి. రాగం బలంగా ఉంటే ఆవిడ వాక్యాన్ని వదిలేసి ఆ రాగంలోని ఏదో కీర్తనలోకి వెళ్లిపోతారు. సంగీతం తెలిసినవారితో పనిచేసినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది. దీన్ని స్పీచ్ పాథాలజిస్టు పర్యవేక్షణలో, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చేయించండి. దగ్గరలో ఎవరూ లేకపోతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని, వాక్ శ్రవణ లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని గాని, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థను గాని అడిగితే దారి చూపుతారు. మిగిలిన సమయంలో ఆవిడకు ఇష్టమైన సంగీతం వినిపించండి. 2008లో హెల్సింకీలో తెప్పో సార్కామో బృందం 60 మంది స్ట్రోక్ రోగులపై చేసిన అధ్యయనంలో, రెండు నెలల పాటు రోజూ తమకు నచ్చిన సంగీతం విన్నవారి మాటల జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మిగతావారికంటే మెరుగయ్యాయి, దిగులు కూడా తక్కువగా ఉంది.

పాఠం చెప్పడం గురించి నేను ఆశాజనకంగానే ఉన్నాను, అయితే తిరగేసిన క్రమంలో మొదలుపెట్టాలి. సరళీ వరుసల పిల్లలకు స్వరనామాలు చెప్పాలి, తాళం వేసి చూపాలి, నోటితో వివరించాలి; సరిగ్గా ఆవిడకు కష్టమైనవన్నీ అక్కడే ఉన్నాయి. కీర్తన నేర్చుకునే పెద్ద శిష్యులకు ఆవిడ ఒక సంగతి (ఒకే పాదాన్ని మార్చి పాడే తీరు) పాడితే చాలు, వాళ్లు విని పాడతారు, తప్పితే ఆవిడ మళ్ళీ పాడి దిద్దుతారు. మన గురుముఖ పద్ధతిలో మాట అవసరం తక్కువే. కాబట్టి వారానికి రెండు రోజులు, ఇరవై నిమిషాలకు మించకుండా, ఇద్దరు పెద్ద శిష్యులతో మొదలుపెట్టండి. ఒకరు తాళం వేస్తారు, అవసరమైన చోట స్వరాల పేర్లు చెబుతారు. "మళ్ళీ", "కాదు", "ఆగు" అనే మూడింటికి ఎడమ చేతి సైగలు ముందే అనుకోండి. శిష్యులు ఆవిడ నోటి మాటను మధ్యలో అందుకొని పూర్తి చేయకూడదు, ఆగి ఎదురుచూడాలి. అలసట కనిపిస్తే ఆపేయండి, ఎందుకంటే అలసిన వేళ అఫేసియా ఎక్కువగా కనిపిస్తుంది. అలసట లేకుండానే హఠాత్తుగా పాట గాని, మాట గాని, కాలు చెయ్యి గాని మునుపటికంటే తగ్గితే పాఠం సంగతి పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాలుగు నెలలు అంటే ఇంకా తొలి దశే. వేగంగా కోలుకొనేది మొదటి నెలల్లోనే అయినా, సాధనతో మాట ఆ తరువాత కూడా మెరుగవుతుంది. నెలకొకసారి అవే నాలుగు అంశాలను, అంటే రెండో సరళీ వరుసను పేర్లతోనూ అకారంతోనూ, ఒక కీర్తన పల్లవిని, ఎడమ చేతి తట్టును, పది రోజువారీ వాక్యాలను, ఫోన్‌లో రికార్డు చేసి థెరపిస్టుకు వినిపించండి. ఆ రికార్డింగులను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పల్లవి విన్నవారు "బాగానే ఉందిగా" అంటారు, ఆ మాట మళ్ళీ ఆవిడ చెవిన పడుతుంది.